తవ్వి తెచ్చుకున్న పాట

కోరిన పాట కోరిన క్షణాన ఫోనులో పలికే ఈ రోజుల్లో, ఒకే ఒక్క పాట కోసం గంటల తరబడి చీకటి గుహల్లో తిరిగి, బాణాల దెబ్బలు కాచుకుని, దగ్గరకు వస్తే పేలిపోయే ఒక జీవిని వెంట తిప్పుకుని, చివరకు చిన్న చక్రం ఒకటి దక్కితే పండగ చేసుకునే శ్రోతలు లోకమంతటా ఉన్నారు. వారు తిరిగే గుహలు నేలమీదివి కావు, మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేములోవి. ఆ చక్రంలోని సంగీతం బయట ఎక్కడైనా ఉచితంగా వినవచ్చునని తెలిసి కూడా వారు ఆ శ్రమకు ఎందుకు సిద్ధపడతారన్నది ఆటల చరిత్రకే పరిమితమైన ప్రశ్న కాదు. గ్రామఫోను ప్లేటు మొదలు మెమరీ కార్డు దాకా తెలుగు ఇళ్ళలో పాట తిరిగిన దారిని పక్కన పెట్టి చూస్తేనే దానికి సరైన జవాబు దొరుకుతుంది.

వీడియో గేముల్లో శాండ్‌బాక్స్ అనే తరగతి ఒకటి ఉంది. ఇసుక కుప్ప దగ్గర చేరిన పిల్లలు గూడు కట్టినా, బావి తవ్వినా, కట్టిందాన్ని కాలితో చెరిపేసినా అడిగేవారుండరు. అలాగే ఈ తరగతి ఆటల్లో గెలుపు ఓటముల నిర్ణయం కన్నా ఆడేవారి ఇష్టానికే పెద్దపీట. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో మార్కస్ పెర్సన్ రూపొందించిన మైన్‌క్రాఫ్ట్ ఈ తరగతిదే. అది 2009 మే నెలలో తొలిసారి జనం ముందుకు వచ్చి, 2011 నవంబరు 18న పూర్తి రూపంలో విడుదలైంది. 2014లో దీన్ని తయారుచేసిన మోజాంగ్ సంస్థను మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నది, 2023 నాటికి ఆట ప్రతుల అమ్మకం 30 కోట్లు దాటింది. అందులోని లోకమంతా ఘనాకారపు దిమ్మెలతో కట్టినది. ఒక్కొక్క దిమ్మె పొడవు ఒక మీటరని లెక్క. మట్టి, రాయి, చెట్టు, నీరు, బొగ్గు, వజ్రం అన్నీ దిమ్మెలే గనుక దాదాపు దేన్నయినా తీయవచ్చు, మరోచోట పేర్చవచ్చు.

ఈ లోకంలో సంగీతం రెండు దారుల్లో వినిపిస్తుంది. మొదటిది నేపథ్య సంగీతం. జర్మనీకి చెందిన డేనియల్ రోసెన్‌ఫెల్డ్ అనే యువకుడు సీ418 అనే మారుపేరుతో దీన్ని సమకూర్చాడు. సంగీత విద్యాలయాల్లో చదువుకోకుండా, కంప్యూటరు ముందు కూర్చుని సొంతంగా నేర్చుకున్న అతడికి తొలినాటి ఆటలోని ధ్వని యంత్రాంగం ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వలేదు. ఆటలోని ఘట్టాన్ని బట్టి సంగీతం మారే ఏర్పాటు కుదరలేదు గనుక, పియానో మీటలు ఒక్కటొక్కటే నెమ్మదిగా తాకినట్టుండి, ఏ ఘట్టంలో వినిపించినా అతికే సంగీతాన్ని అతడు ఎంచుకున్నాడు. ఒక ముక్క అయిపోయాక పది ఇరవై నిమిషాలు నిశ్శబ్దం, ఆపైన పిలవకుండానే మరొకటి. తర్వాత ఏది వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఆడేవారికి తెలియదు, దానిమీద వారి అధికారమూ ఉండదు. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించిన రోజులు గుర్తున్నవారికీ, 1957లో మొదలైన వివిధ భారతికి ఉత్తరం రాసి తమ పాట కోసం వారాల తరబడి చెవి ఒగ్గినవారికీ ఈ తరహా వినికిడి కొత్త కాదు. పాట దానంతటది రావాలి, వచ్చినప్పుడు వినేవారు అక్కడ ఉండాలి.

రెండో దారి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆటలో మ్యూజిక్ డిస్క్ అనే వస్తువు ఉంటుంది. చూడ్డానికి గ్రామఫోను ప్లేటు లాంటిదే, నల్లని చక్రం, నడుమ రంగు చీటీ. దీన్ని మోగించడానికి జూక్‌బాక్స్ కావాలి. బయటి లోకంలో జూక్‌బాక్స్ అంటే నాణెం వేస్తే కోరిన రికార్డు వినిపించే యంత్రమైతే, ఆటలో అది ఎనిమిది చెక్క పలకలు చుట్టూ పేర్చి నడుమ ఒక వజ్రం పెడితే తయారయ్యే పెట్టె. వజ్రాలు దొరికేది భూగర్భంలో బాగా లోతున, లావా ప్రవాహాల పక్కన. ఇనుముతో చేసిన గడ్డపార లేనిదే వజ్రపు రాయి చేతికి రాదు, ఆ గడ్డపార కోసం ముందు ఇనుము తవ్వి కొలిమిలో కరగబెట్టాలి. ప్లేటు చేతికి రాకముందే, దాన్ని వాయించే పెట్టె కోసమే ఇంత పని ఉంటుంది. 2010లో ఈ పెట్టెతో పాటు తొలి రెండు డిస్కులు, ‘13’, ‘క్యాట్’ అనేవి, ఆటలో చేరాయి. తర్వాతి రెండు మూడేళ్ళలో బ్లాక్స్, చర్ప్, ఫార్, మాల్, మెల్లోహి, స్టాల్, స్ట్రాడ్, వార్డ్, 11, వెయిట్ వచ్చి మొత్తం పన్నెండయ్యాయి. ఫోనులో ఆడేవారికి, అంటే భారతదేశంలో ఈ ఆట ఆడే పిల్లల్లో పెద్ద భాగానికి, జూక్‌బాక్సూ డిస్కులూ చేరింది మాత్రం 2017లోనే.

‘13’, ‘క్యాట్’ డిస్కులు పాడుబడ్డ నేలమాళిగల్లోని పెట్టెల్లో అప్పుడప్పుడు కనిపిస్తాయి. తక్కినవి రాబట్టే పద్ధతి మాత్రం వింతైనది, ఆటగాళ్ళ లోకంలో పదేపదే చెప్పుకునేది. ఆటలో క్రీపర్ అనే ఆకుపచ్చ జీవి ఉంది. చప్పుడు చేయకుండా వెనుక చేరి, బుస్సుమని పేలి, కట్టుకున్న ఇంటినీ కట్టినవారినీ కలిపి ఎగరగొట్టడం దాని పని. స్కెలిటన్ అనేది విల్లు పట్టిన అస్థిపంజరం. దూరం నుంచి బాణాలు వేస్తుంది. స్కెలిటన్ వేసిన బాణం తగిలి క్రీపర్ చస్తే, ఆ క్రీపర్ ఒక డిస్కును వదిలి పోతుంది. ఆటగాడి కత్తితో చస్తే వదలదు. కాబట్టి డిస్కు కావలసినవారు ముందు క్రీపర్‌ను చచ్చేంత కాకుండా కొట్టి నీరసింపజేసి, అది పేలకుండా దూరం కాచుకుంటూ, మరోవైపు స్కెలిటన్‌ను రెచ్చగొట్టి, దాని విల్లుకూ తమకూ మధ్య సరిగ్గా క్రీపర్ వచ్చేలా పక్కకు జరగాలి. గురి తప్పితే బాణం ఆటగాడికే తగులుతుంది. ఆలస్యమైతే క్రీపర్ పేలుతుంది. రెండూ సరిపోయినా తెల్లవారితే ఎండ తగిలి స్కెలిటన్ కాలిపోతుంది. ఇంత జరిగాక దక్కేది పన్నెండింటిలో ఏదో ఒకటి మాత్రమే, కోరింది కాదు. ఇద్దరు శత్రువుల నడుమ నిలబడి ఒకరి ఆయుధాన్ని మరొకరిమీదికి మళ్ళించే ఈ ఉపాయం వెనుక, పంచతంత్రం రాసినవాడు చూస్తే మెచ్చుకునేంత నేర్పు ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సంగీతం ఆట బయట అంతటా ఉంది. ఇంటర్నెట్టులో వెతికితే ‘క్యాట్’ వెంటనే వినిపిస్తుంది. ఆటలోపల కూడా క్రియేటివ్ అనే మరో పద్ధతి ఉంది. అందులో ప్రాణభయం ఉండదు, అన్ని వస్తువులూ అడగకుండానే జాబితాలో ఉంటాయి, డిస్కులన్నీ ఒక్క క్షణంలో తీసుకోవచ్చు. ఇది ఎవరూ తలపెట్టకుండానే జరుగుతున్న ప్రయోగం లాంటిది, ఎందుకంటే రెండు పద్ధతుల్లోనూ పాట ఒకటే, ధ్వని ఒకటే, పెట్టె ఒకటే, తేడా అంతా పాట చేతికి వచ్చిన తీరులోనే ఉంది. క్రియేటివ్ పద్ధతిలో డిస్కుల సేకరణ అనే మాటకే అర్థం లేదు, అక్కడ పన్నెండూ ఉన్నాయని చెప్పుకునేవారూ లేరు. ఆకర్షణ సంగీతంలోనే ఉంటే రెండుచోట్లా సమానంగా ఉండాలి. అలా లేదు గనుక అది మరోచోట ఉందని, పాటను తిరిగి వస్తువుగా మార్చడంలో ఉందని చెప్పవలసి వస్తుంది. ఆ వస్తువుకు ఒక చోటు ఉంటుంది, ఒకరి పేరున ఉంటుంది, దానికోసం పడిన పాట్లు ఉంటాయి, పోగొట్టుకునే అవకాశమూ ఉంటుంది.

పాట ఇలా వస్తువై ఉన్న కాలం తెలుగువారికి కొత్తది కాదు. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ తదితరుల గానాన్ని రికార్డు చేసిన తర్వాత, కొద్ది సంవత్సరాల్లోనే అదే నగరంలో ప్లేట్ల తయారీ మొదలైంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు లక్కతో చేసినది. పది అంగుళాల ప్లేటు ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాల గానం. హరికథ అయినా, నాటక పద్యమైనా, కీర్తన అయినా ఆ మూడు నిమిషాల్లో ఒదగాలి. నాటకం పూర్తిగా వినాలంటే అనేక ప్లేట్లు వరసగా మార్చుకుంటూ పోవాలి. ‘13’ డిస్కు నిడివి కూడా దాదాపు మూడు నిమిషాలు, ‘క్యాట్’ నిడివి మూడు నిమిషాల పైచిలుకు కావడం కాకతాళీయమే అయినా, పాత ప్లేట్ల పరిచయమున్న చెవికి ఆ కొలత వెంటనే తెలుస్తుంది. పీసపాటి నరసింహమూర్తి, ఈలపాట రఘురామయ్య వంటి నటుల పద్యాలకు రంగస్థలం మీద ఎంత గిరాకీ ఉండేదో పద్యాల ప్లేట్లకు ఇళ్ళలో అంత గిరాకీ ఉండేది. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గొంతు తోడైన ‘పుష్పవిలాపం’ రికార్డు ఎన్ని ఇళ్ళలో పూలు కోసే చేతిని ఆపిందో చెప్పలేము. గ్రామఫోను కంపెనీ వారి కుక్క బొమ్మ ప్లేటు కొనడమంటే డబ్బు ఖర్చు, మోసుకురావడమంటే భయం, ఎందుకంటే లక్క ప్లేటు కింద పడితే పెంకులే. పెట్టెకు కీ తిప్పాలి, అరిగిన ముల్లు మార్చాలి, పాట అయిపోగానే లేచి వెళ్ళి ప్లేటు తిప్పాలి. గ్రామఫోను ఉన్న ఇల్లు వీధికంతటికీ తెలిసేది, ఏ ఇంట ఏ ప్లేటు ఉందో కూడా తెలిసేది.

ప్లేట్ల కాలం గడిచాక శ్రమ రూపం మారింది గాని పోలేదు. 1980లలో తెలుగు పట్టణాల్లో ప్రతి బజారులోనూ రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి, సినిమా పేరు పక్కన పెట్టి, ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇస్తే దుకాణదారు తన దగ్గరున్న ఎల్పీ రికార్డుల నుంచి ఆ పాటలు ఎక్కించి రెండు మూడు రోజుల తర్వాత ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒకవైపు ఏడెనిమిది పాటలకు మించి పట్టవు కాబట్టి ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న తర్జనభర్జన ముందు కాగితం మీదే సాగేది. చివరి పాట మధ్యలో టేపు అయిపోయి తెగిపోతే, ఆ తెగిన చోటే ఆ పాటకు ముగింపుగా చెవిలో నిలిచిపోయేది. ఆ తర్వాత వచ్చిన ఎంపీ3 సీడీల్లో ఒక్కొక్కదానిలో వందకు పైగా పాటలు పట్టాయి. అప్పటినుంచే ఎంపిక అవసరం తగ్గిపోయింది. సెల్‌ఫోను దుకాణంలో మెమరీ కార్డు ఇచ్చి పాటలు ఎక్కించమంటే, ఏవి కావాలని దుకాణదారు అడగడం కూడా మానేశాడు. ఇంటర్నెట్టు ప్రసారాలు వచ్చాక కార్డు సైతం పోయింది. పాట ఎక్కడా లేదు, అన్నిచోట్లా ఉంది. ఇది నష్టమని వాపోవడం ఎంతమాత్రం సరికాదు, ప్లేటు కొనే స్తోమత లేని లక్షలమందికి పాట అందింది ఈ మార్పు వల్లనే. అయితే వెతుకులాట, ఎంపిక, భద్రం చేయడం అనే మూడు పనులూ వినికిడి నుంచి విడిపోయాయి, విడిపోయిన ఆ పనులకు మైన్‌క్రాఫ్ట్ డిస్కు ఒక కొత్త ఇల్లు చూపింది.

డిస్కు ఆకర్షణలో మరో భాగం చోటుకు సంబంధించింది, దీని గురించి ఆలోచించేవారు తక్కువ. నేపథ్య సంగీతం ఆటగాడి చెవిలోనే ఉంటుంది గనుక అతడు ఎక్కడికి వెళ్ళినా వెంట వస్తుంది. జూక్‌బాక్స్ సంగీతం అలా రాదు. అది పెట్టెలోనుంచి వస్తుంది, పెట్టె పాతినచోటే ఉంటుంది. దూరం జరిగేకొద్దీ సన్నగిల్లి, అరవై పైచిలుకు దిమ్మెల దూరం దాటాక బొత్తిగా వినిపించదు. ఈ దూరాన్ని నేలమీద కొలిచి చూస్తే విషయం స్పష్టమవుతుంది. లాలాగూడలో 1893 నాటి నిజాం రైల్వే క్యారేజీ వర్క్‌షాపు గేటు దగ్గర అలాంటి పెట్టె ఒకటి పెడితే, రైల్వే క్వార్టర్ల వీధిలో కొద్ది ఇళ్ళవారికి మాత్రమే అది వినిపిస్తుంది. తార్నాక చౌరస్తాకు గాని, దాని అవతల ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో 1939లో పూర్తయిన ఆర్ట్స్ కళాశాల మెట్ల దాకా గాని ఆ పాట చేరదు. పాట వినాలంటే శ్రోతే పాట దగ్గరకు నడవాలి. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు, టీ కొట్టులో రేడియో, గుడి గోపురం మీది లౌడ్‌స్పీకరు ఒకప్పుడు ప్రతి పేటకూ ఒక ధ్వని ఎల్ల గీశాయి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను ఆ ఎల్లను చెరిపేసి, మెట్రో బోగీలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని రెండు వేరువేరు పాటల్లో ఉంచింది. ఆటలో కొందరు స్నేహితులు కలిసి కట్టుకున్న ఊరి నడుమ జూక్‌బాక్స్ మోగితే, దగ్గరున్నవారందరికీ అదే పాట, అదే క్షణంలో వినిపిస్తుంది. దగ్గరలో రామచిలుక ఉంటే అది తల ఊపుతూ గంతులేస్తుంది కూడా. 2017లో చేర్చిన ఈ చిన్న ముచ్చట, పాట ఫలానా చోట మోగుతోందని కంటికి చూపించే గుర్తు. హాస్టలు గదుల్లో వేరువేరు ఫోన్ల ముందు కూర్చున్నవారు సైతం ఆటలోపల ఒకే వీధి శ్రోతలవుతారు.

సంగీతం సంగతి పూర్తిగా పక్కన పెట్టడమూ న్యాయం కాదు. పన్నెండు డిస్కుల్లో స్వరాల పరంగా గొప్పవి మూడో నాలుగో ఉంటాయి. ‘చర్ప్’, ‘మాల్’ వంటివి వినసొంపుగా ఉన్నా, ఆటతో పని లేకుండా విడిగా నిలిచేంత బలం వాటికి లేదు. ‘క్యాట్’ తేలికైన ఉల్లాసం గల బాణీ. ‘13’ అసలు బాణీయే కాదు. ఎక్కడో నీటి చుక్కలు, లోహం మోగినట్టు, గాలి గుహలో తిరిగినట్టు చప్పుళ్ళు. గుహల్లో తిరిగి అలసి ఇల్లు చేరి, దొరికిన డిస్కు పెట్టెలో వేస్తే గుహ చప్పుడే తిరిగి వినిపించడం ఒక రకమైన చిలిపితనం. ‘11’ మరింత విచిత్రం. దాని బొమ్మే పగిలిన ప్లేటు. ఒక నిమిషం 11 సెకన్ల నిడివిలో వినిపించేది ఎవరో నడిచే అడుగులు, దగ్గు, పరుగు, చివర హఠాత్తుగా ఆగిపోవడం. అదెవరో, ఏమైందో ఆట ఎక్కడా చెప్పదు. ఇది పాటగా కన్నా చిన్న రేడియో నాటకంగా లెక్కించదగినది; మాటలు లేకుండా కేవలం చప్పుళ్ళతో కథ నడపడం ఎంత కష్టమో శ్రవ్య నాటకం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. వేటలో ఏ డిస్కు పడుతుందో తెలియదు గనుక, తీయని బాణీ ఆశించినవారి చేతికి ఒక్కొక్కసారి ఈ దగ్గు వచ్చి పడుతుంది, ఆ అనిశ్చితే సేకరణకు ఉప్పూ కారమూ.

సేకరణ గురించి జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1931లో రాసిన పుస్తకాల వ్యాసం ఇక్కడ పనికొస్తుంది. సేకరించేవాడికి పుస్తకం చదవడం కన్నా అది తన దగ్గరకు ఎలా వచ్చిందన్న చరిత్రే ముఖ్యమని ఆయన ఆలోచన సారాంశం. తెలుగువారిలో ఈ స్వభావానికి పేరు చెప్పాలంటే బొబ్బిలి సంస్థాన వంశానికి చెందిన వి.ఏ.కే. రంగారావు పేరే ముందు వస్తుంది. 78 చుట్ల ప్లేట్లను వేల సంఖ్యలో కూడబెట్టి, వాటిమీద ‘ఆలాపన’ శీర్షికతో రాసిన ఆయన సేకరణ, ప్లేటును కేవలం పాటగా కాక గాయకుడు, కంపెనీ, కాలం కలిసిన పత్రంగా చూడడం నేర్పింది. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారులోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత ఇనుము, రేడియో పెట్టెల మధ్య ప్లేట్లు తిరగేసేవారిది కూడా అదే ధోరణి. అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. లక్క ప్లేటు నిజంగానే అరుదు. పగిలినది పోగా మిగిలినవే ఉంటాయి, కొన్ని పాటలకు మిగిలింది బహుశా ఒకే ప్రతి. ఆటలోని అరుదుతనం ప్రోగ్రామరు నిర్ణయించిన అంకె. ప్రతి కొత్త లోకంలోనూ క్రీపర్లు మళ్ళీ పుడతాయి. అందువల్ల ప్లేట్ల సేకర్త జాతికి ఒక దస్తావేజు మిగిల్చి పోతాడు, డిస్కుల సేకర్తకు మిగిలేది సొంత జ్ఞాపకమే. రెండింటినీ ఒకే గాటన కట్టడం రంగారావు వంటివారి శ్రమను తక్కువ చేయడమే.

పోగొట్టుకునే భయం మాత్రం రెండుచోట్లా ఉంది. సంచిలో డిస్కుతో ఇంటికి పోతున్న ఆటగాడు దారిలో చస్తే సంచి నేలమీద చెదురుతుంది, అయిదు నిమిషాల్లో తిరిగి రాకపోతే అందులోనివన్నీ మాయమవుతాయి. లావాలో పడితే ఆ అయిదు నిమిషాల గడువు కూడా లేదు. లక్క ప్లేటుకు ఉన్నదీ ఆటలోని డిస్కుకు లేనిదీ అరుగుదల. ఎన్నిసార్లు వాయించినా డిస్కు గీతలు పడదు, దానికి రెండో వైపూ లేదు.

2020 నుంచి కొత్త డిస్కులు రావడం మొదలైంది, స్వరకర్తలూ మారారు. లీనా రెయిన్ కూర్చిన ‘పిగ్‌స్టెప్’ ఆటలోని నరకం వంటి నెదర్ లోకపు శిథిల కోటల్లో మాత్రమే, అదీ అరుదుగా, దొరుకుతుంది. తాళం ప్రధానంగా సాగే దాని ఊపు పాత డిస్కుల్లో ఏ ఒక్కదానికీ లేదు. 2022 నాటి ‘5’ను సామ్యూల్ ఓబెరి సమకూర్చాడు; అది పూర్తి ప్లేటుగా దొరకదు, భూగర్భంలోని ప్రాచీన నగరపు పెట్టెల్లో తొమ్మిది ముక్కలు ఏరి అతికించుకోవాలి. 2023లో వచ్చిన ‘రెలిక్’ కోసం కుంచెతో మట్టి దులుపుతూ పురాతత్వ తవ్వకం చేయాలి. వీటిలో ‘5’ పద్ధతి అన్నిటికన్నా అర్థవంతం, ఎందుకంటే వినిపించే కథా పగిలినదే, దాన్ని చేరుకునే తీరూ పగిలినదే. కాని మొత్తం మీద కొత్త పద్ధతుల్లో ఒక లోటు కనిపిస్తుంది. ఫలానా డిస్కు ఫలానా చోటే దొరుకుతుందని తేలిపోయాక వేట కాస్తా చిరునామా వెతుక్కోవడంగా మారుతుంది. క్రీపరూ స్కెలిటనూ కలిసివచ్చిన రాత్రి అనుకోకుండా దక్కిన పాటలోని రుచి అందులో తక్కువ.

డిస్కుకు పాటతో సంబంధం లేని ఉపయోగం కూడా ఒకటి ఉండడం ఈ ఆట స్వభావాన్ని బాగా పట్టిస్తుంది. ఆటలో రెడ్‌స్టోన్ అనే ఎర్ర పొడి విద్యుత్తు తీగలా పనిచేస్తుంది, కంపారేటర్ అనే పరికరం దాని బలాన్ని కొలుస్తుంది. జూక్‌బాక్సులో ‘13’ ఉంటే ఆ బలం 1, ‘క్యాట్’ ఉంటే 2, ఇలా ఒక్కో పాత డిస్కుకు ఒక్కో అంకె పలుకుతుంది. అంటే సరైన పాట వేస్తేనే తెరుచుకునే తలుపు కట్టవచ్చు. పాట తాళంచెవి కావడం జానపద కథల్లో ఉన్నదే, ఇక్కడ అది ఇంజనీరింగు విద్యార్థి ఒక సాయంత్రంలో కట్టి చూపగల యంత్రమైంది.

ఈ సంగీతానికి బయటి లోకంలోనూ గౌరవం దక్కింది. రోసెన్‌ఫెల్డ్ 2011లో ‘మైన్‌క్రాఫ్ట్ వాల్యూమ్ ఆల్ఫా’ పేరుతో విడుదల చేసిన సంపుటిని, అందులో ‘13’, ‘క్యాట్’ కూడా ఉన్నాయి, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2025లో తన జాతీయ ధ్వనిముద్రికల పట్టికలో చేర్చింది. ఏటా 25 ధ్వనిముద్రికలకు మాత్రమే దక్కే చోటు అది. అంతకు పదేళ్ళ ముందే, 2015లో, ఆ సంపుటి నిజమైన ఎల్పీ రికార్డుగా అచ్చయి అమ్ముడుపోయింది. కల్పిత లోకపు ప్లేటుకు వినైలు రూపం రావడంతో పాట తిరిగిన చక్రం ఒక చుట్టు పూర్తయిందనుకోవచ్చు.

తెలుగు ప్లేట్లకు ఎదురు ప్రయాణం సాధ్యమా అన్నది ఆలోచించదగిన విషయం. 2024లో వచ్చిన 1.21 సంచిక నుంచి ఆట కంప్యూటరు రూపంలో పాత డిస్కులను చెరపకుండానే కొత్త పాటలు చేర్చే వీలు కలిగింది. చేర్పుల పొట్లాన్నీ, ధ్వని ఫైళ్ళున్న మరో పొట్లాన్నీ తయారుచేసి ఆ లోకంలో పెడితే చాలు, అందుకు ప్రోగ్రామింగులో ప్రావీణ్యం అక్కరలేదు. ఉస్మానియాలో 1929 నుంచి ఉన్న ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులకు ఇది చేతి పని. చిక్కంతా హక్కుల దగ్గరే. భారత చట్టం ప్రకారం ధ్వనిముద్రిక మీద హక్కు విడుదలైన 60 ఏళ్ళకు తీరిపోతుంది, రచన మీద హక్కు మాత్రం కవి మరణం తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. కరుణశ్రీ 1992లో కన్నుమూశారు గనుక ‘పుష్పవిలాపం’ పద్యాలకు 2052 దాకా ఆగవలసిందే. తిరుపతి వేంకట కవుల్లో చివరివారైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950లో పోయారు కాబట్టి ‘పాండవోద్యోగ విజయాలు’ నాటక పద్యాలకు ఆ అడ్డు లేదు. 60 ఏళ్ళు దాటిన, ఆ నాటకాల్లోని రాయబారం ప్లేటు ఒకటి, చెవికి ఇంపుగా శుభ్రం చేసుకుని, డిస్కుగా మలచవచ్చు. దాన్ని నేలమాళిగలో పాతాలా, కోట శిథిలాల్లో ముక్కలుగా చల్లాలా, రెండు సేనల నడుమ సంధి మాట్లాడిన పద్యం గనుక క్రీపరూ స్కెలిటనూ పోట్లాడుకున్న చోటే పడేలా చేయాలా అన్నది తయారుచేసేవారి నిర్ణయం. మొదటి పెట్టెలోనే పెట్టి చేతికిస్తే మాత్రం అది మరో మెమరీ కార్డు అవుతుంది.